రెండో సీసాకు ముందు

మార్చి 1, మంగళవారం

ఆఫీసువాళ్లు ఏటా ఇచ్చే డైరీలో ఇంతవరకూ నేను రాసినవి తనిఖీ వివరాలే. ఏ కొట్లో ఏ కాటా, ఎంత తేడా, సీలు వేశానా లేదా. తూనికలూ కొలతల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడికి అంతకంటే రాయడానికి ఏముంటుంది? ఈ ఏడాది మాత్రం అక్క సంగతులు రాసుకుందామనిపించింది. నోటితో ఎవరికీ చెప్పుకోలేను. రాస్తే ఆ బాధ లేదు.

ఈరోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అక్కకి లుకేమియా, అదే రక్త కేన్సర్, అని తెలిసి ఆరేళ్లయింది. నెమ్మదిగా ముదిరే రకం. "నాలాగే దానికీ తొందర లేదు" అంటుంది అక్క. కానీ ఈ చలికాలం రెండుసార్లు న్యుమోనియా వచ్చి మనిషి సగమైపోయింది. రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు ఆమె ఒంట్లో సరిగ్గా తయారు కావడం లేదట. అందుకని వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను ఇకమీదట నెలనెలా సీసాతో ఎక్కిస్తారు. మొదటిసారి వచ్చే సోమవారం.

అక్క అడిగింది మాత్రం వేరే సంగతి.

"కోవిడ్ టీకా మూడు డోసులు వేయించుకున్నానండీ. అది నా ఒంట్లో పనిచేసిందో లేదో తెలిసే దారి ఉందా?"

"పరీక్ష ఉందమ్మా. కానీ దాన్ని మరీ నమ్ముకోకండి. యాంటీబాడీలు ఉన్నాయని వస్తే ఇంకేమీ కాదని కాదు. లేవని వస్తే టీకా మొత్తం వృథా అని కూడా కాదు, ఆ పరీక్షకి కనపడని రక్షణ ఇంకోటి ఉంటుంది. చేయించుకోవాలనుకుంటే మాత్రం సీసా పెట్టకముందే రక్తం ఇవ్వండి. ఎక్కించాక తీస్తే అందులో మీవెన్నో దాతలవెన్నో చెప్పలేం."

బయట ఇరవైమంది వెయిట్ చేస్తున్నా ఆవిడ గడియారం వైపు చూడకుండా ఇదంతా చెప్పింది. అలాంటి మనిషిని చూస్తే లేచి నిలబడాలనిపిస్తుంది నాకు.

అక్కకి ఆ పరీక్ష ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆమె చెప్పేది చెవిటి పిల్లలకి, ఒకటో తరగతి. పదకొండు మంది. టీచరు పెదాలు చూసి మాట నేర్చుకోవాల్సిన పిల్లలు. మాస్కు వేసుకుంటే వాళ్లకి టీచరు లేనట్టే. ముందువైపు ప్లాస్టిక్ అతికించిన మాస్కు కూడా కొని చూసింది. రెండు మాటలకే ఆవిరి పట్టేస్తుంది. బడి తెరిచి నెలయింది, అక్క ఇంట్లోనే ఉంది. మాస్కు తీసి క్లాసులో నిలబడవచ్చా లేదా అన్నది తేలాలి ఆమెకి.

మార్చి 4, శుక్రవారం

సీసా పెట్టబోయే ముందు మామూలుగా చేసే రక్తపరీక్షలు ఈరోజు అయ్యాయి. యాంటీబాడీ పరీక్షకి వేరే చీటీ, దానికి రక్తం సోమవారమే తీస్తారట.

అక్క చేతికి నరం దొరకడం గగనం. ఐదుసార్లు పొడిచారు. పొడిచే అమ్మాయికే చెమటలు పడుతుంటే "కంగారు పడకమ్మా, నేనెక్కడికీ పోవడం లేదు" అంటూ అక్కే ధైర్యం చెప్పింది. నేను మాత్రం మూడోసారికే వరండాలోకి పారిపోయాను. కాటా తప్పు చూపిస్తే పెద్ద పెద్ద షాపులవాళ్లని కూడా దులిపేస్తానని నాకు పేరు. సూది దగ్గర ఆ పేరు పనిచేయదు.

మార్చి 7, సోమవారం

రెండు సీసాలు ఎక్కించారు. రక్తం కూడా ఇచ్చాం. అంతా సవ్యంగా జరిగింది.

మార్చి 8, మంగళవారం

నిన్నటి సంగతి కాస్త వివరంగా రాయాలి. పెద్ద విషయమేమీ కాదు గానీ, రాయాలి.

నిన్న నరం నాలుగోసారికి దొరికింది. దొరికిందే చాలన్నట్టు సిస్టరు వెంటనే సీసా తగిలించేసింది. పరీక్ష చీటీ నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. అరగంట తరవాత గుర్తొచ్చింది. సిస్టర్ల గదికి వెళ్లాను. అక్క మంచానికి ఎదురుగా గాజు గోడ ఉంటుంది, ఆ గోడ అవతలే ఆ గది. నేను చెప్పింది మాస్కులోంచి సిస్టరుకి వినపడలేదు. రెండుసార్లు ఏంటండీ అంది. మాస్కు కిందికి లాగి బతిమాలాను.

"ఇప్పుడు ఇంకో చేతికి పొడవొద్దు సిస్టర్. మొదటి సీసా అయ్యాక ఆ సూదిలోంచే తీసేయండి."

"ముందే తీయాలని రాశారు కదండీ ఇక్కడ."

"ఒక్క గంటలో ఏం మారిపోతుంది?"

పాపం, ఆవిడ కొత్త మనిషి. ఒక్కతే ఎనిమిది మంచాలు చూస్తోంది. నా నెరిసిన జుట్టూ ఉద్యోగపు గొంతూ చూసి సరే అంది. మొదటి సీసా అయ్యాక తీసి, తరవాత రెండోది పెట్టింది.

ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉంటుందట. అందులో ఒక్క సీసా ఏపాటి?

మార్చి 9, బుధవారం

రిపోర్టు వచ్చింది. 1840. యాభై దాటితే యాంటీబాడీలు ఉన్నట్టేనని కాగితం మీదే అచ్చువేసి ఉంది. ఆసుపత్రి మెట్ల మీదే మూడుసార్లు చదివాను. ఇంటికి ఆటోలో వచ్చాను, నడిస్తే ఆలస్యమవుతుందని.

అక్క కళ్లజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. నేననుకున్నంతగా ఎగిరి గంతేయలేదు. నన్నోసారి చూసి, "సరే అయితే" అని హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది. వచ్చే సోమవారం నుంచి బడికి వస్తానంది, మాస్కు లేకుండా. ఆ తరవాత మాత్రం ఆమె మొహం చూడాలి. బొమ్మల కార్డులన్నీ మంచం మీద పరిచి పాతబడినవి ఏరిపారేసింది. అద్దం ముందు నిలబడి ప, బ, మ అని అనుకుంటూ ఉండిపోయింది. ఆ మూడూ పెదాల మీద ఒక్కలాగే కనిపిస్తాయి, వాటిని విడదీసి నేర్పడమే కష్టమంతా అంటుంది. ముప్ఫై ఐదేళ్లుగా నేర్పుతున్నా అద్దం ముందు సాధన మానని మనిషి. బావగారు పోయాక ఆమె నా ఇంటికి వచ్చిన వారంలో కూడా ఆ అద్దం ముందు నిలబడింది.

"ఒరేయ్ తక్కెడా, సోమవారం నన్ను దింపి వెళ్తావా?" అంది. తక్కెడ అని నాకు ఆమె పెట్టిన పేరే. ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ ఇదే పిలుపు.

దింపుతానన్నాను.

మార్చి 10, గురువారం

ల్యాబ్ నుంచి ఫోన్. ఇన్‌చార్జిగా చేసే ఆవిడ, స్వయంగా చేసింది.

"మీ అక్కగారికి ఇమ్యునోగ్లోబులిన్, అదే దాతల యాంటీబాడీల సీసా, ఎక్కించారు కదండీ సోమవారం. మా పరీక్షకి రక్తం ఎప్పుడు తీశారు? చీటీ మీద టైము రాయలేదు."

"రెండో సీసాకు ముందే తీశారండీ."

"మొదటి సీసాకు?"

"ఆఁ, ముందే."

అలాగా అంది ఆవిడ. తరవాత థాంక్స్ అని పెట్టేసింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధమేముంది? రెండో సీసాకు ముందే కదా. ఆ తరవాత అన్న "ఆఁ" మాత్రం తొందరలో వచ్చేసింది. అప్పుడు నేను రోడ్డు దాటుతున్నాను.

మార్చి 11, శుక్రవారం

మార్కెట్‌లో తనిఖీ. పళ్లమ్మే ఒకావిడ కాటా మీద ఖాళీ బుట్ట అలాగే ఉంచి పళ్లు తూస్తోంది. బుట్ట బరువు కూడా కొనేవాళ్ల నెత్తినే పడుతోంది. గట్టిగానే అన్నాను.

"ముందు పళ్లెం ఖాళీ చెయ్యమ్మా. సున్నా చూపించాక తూయి. ముందే బరువు పెట్టేసి తూస్తే అది తూకమా?"

"చిన్న బుట్టే కదయ్యా. ఏపాటి బరువుంటుంది?" అందావిడ.

తనిఖీ అక్కడితో ఆపేశాను. సీలు వేయకుండానే వచ్చేశాను. తలనొప్పిగా ఉందని సగం పూటకి సెలవు పెట్టాను.

మార్చి 12, శనివారం

పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లాను. కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన. ఇన్‌చార్జి ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని రక్తపు గొట్టాలు వరుసపెడుతోంది.

"మొన్న ముందే అన్నాను కదండీ. ముందు కాదు. మొదటి సీసా అయ్యాక తీశారు. సిస్టరు తప్పేం లేదు, నేనే తీయించాను."

"తెలుసండీ."

"ఎలా తెలుసు?"

"సీసా పెట్టకముందే ఇచ్చినవాళ్లు ముందే అని ఊరుకుంటారు. మీరు రెండో సీసాకు ముందు అని చెప్పారు. పైగా అలాంటి రక్త కేన్సర్ ఉన్నవాళ్లకి టీకాతో ఇంత నంబరు రావడం తక్కువ. రాకూడదని కాదు. వస్తే మాత్రం నేను ఫోన్ చేసి అడుగుతాను. ఈ నంబరు చూసుకుని మాస్కులు తీసేస్తారండీ మనుషులు."

నా చెవులు కాలిపోయాయి. మళ్లీ తీయొచ్చా అని అడిగాను. ఎక్కించినవి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుందట. ఈలోపు ఇంకో సీసా, ఇంకో సీసా ఎక్కుతూనే ఉంటాయి. అంటే ఖాళీ పళ్లెం చూసే వీలు ఒక్కసారే ఉండింది, దాన్ని నేను పోగొట్టాను.

ఆవిడ ఫ్రిజ్ తెరిచి ఒక చిన్న గొట్టం చూపించింది.

"నాలుగో తేదీ శుక్రవారం మామూలు పరీక్షలకి మీ అక్కగారిచ్చిన రక్తం ఇది. సీసా పెట్టడానికి మూడు రోజుల ముందుది. మేం వారం ఉంచి పారేస్తాం. మీతో మాట్లాడాక ఎందుకో పక్కన పెట్టాను."

ఆవిడకి చేతులెత్తి దండం పెట్టబోయాను. కంగారుగా ఆపేసింది.

"ఆగండి. ఆవిడ అడగని పరీక్ష నేను చేయకూడదు. ఇదిగో ఈ కాగితం మీద ఆవిడ సంతకం తీసుకురండి. ఎందుకు చేస్తున్నామో ఆవిడకి పూర్తిగా చెప్పాకే సుమా."

ఈ వయసులో నాకు పాఠం చెప్పేవాళ్లు లేరనుకున్నాను. ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్లలో వేల కాటాలకి సీలు వేశాను గానీ, ఎవరూ చూడని చోట, ఎవరూ అడగకుండా, ఒక గొట్టాన్ని పక్కన పెట్టినంత పని ఎప్పుడైనా చేశానా అని ఆలోచిస్తే గుర్తు రావడం లేదు.

మార్చి 13, ఆదివారం

నిన్న చెప్పలేకపోయాను. కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ జేబుకి అదో అలవాటైంది.

ఈరోజు మధ్యాహ్నం అక్క కత్తెరతో బొమ్మలు కత్తిరిస్తుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. సూది, సీసా, ఫోన్, ఫ్రిజ్‌లో గొట్టం. కత్తెర ఆగలేదు. బాతు బొమ్మ చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టింది.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"మాస్కు కిందికి లాగి మాట్లాడావు. నా మంచానికి ఎదురుగానే కదా ఆ గాజు. ఒక్క గంటలో ఏం మారిపోతుంది అన్నావు. నీ పై పెదవి చిన్నప్పటి నుంచీ సరిగా కదలదు, అయినా అర్థమైంది."

ఎవరిముందు మాట్లాడానో ఆ క్షణాన నాకు గుర్తే లేదు. పెదాలు చదవడమే పనిగా బతికిన మనిషి.

"మరి నంబరు వచ్చిన రోజు ఎందుకు ఊరుకున్నావక్కా?"

కత్తెర కింద పెట్టింది.

"ఆ నంబరు నాక్కూడా కావాల్సొచ్చింది. మా పిల్లలకి మొదటి రోజే చెప్తాను, అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపొద్దని. వాళ్లకదే పెద్ద జబ్బు. నలుగురిలో చిన్నబోతామని ఊపేస్తారు. ఇన్నేళ్లూ వాళ్లకి చెప్పి చెప్పి, ఆ రోజు నేనే ఊపేశాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పెన్నివ్వు" అని సంతకం పెట్టింది. దాని కింద, నాకు అంతా చెప్పారు అని కూడా రాసింది.

మార్చి 14, సోమవారం

ఫ్రిజ్‌లో గొట్టం ఫలితం వచ్చింది, పరీక్షలో పట్టుబడే స్థాయి కంటే తక్కువ. అంటే సున్నా అనుకోవాలి. ఇన్‌చార్జి ఆవిడ ఆ ముక్క ఫోన్‌లో చెప్పలేదు, మమ్మల్ని రమ్మని కూర్చోబెట్టి చెప్పింది. పాత రిపోర్టు మీద అడ్డంగా గీత కొట్టి, కారణం రాసి, సంతకం చేసింది.

డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పింది. సీసాలో వచ్చినవి కొంత సాయం చేయొచ్చు గానీ ఎంత చేస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరట. టీకా లోపల ఇంకేదైనా మేలు చేసి ఉండొచ్చు, దాన్నీ కొలవలేం. తలుపులు మూసిన గదిలో పిల్లల మధ్య మాస్కు లేకుండా నిలబడడం మాత్రం వద్దు. జ్వరం తగిలితే అదే రోజు ఫోన్ చేయాలి. తరవాతి డోసు మానకూడదు.

అక్క అన్నిటికీ సరేనంది. పొద్దున ఒక్కరోజు ఆగమని చెప్పిన హెడ్మిస్ట్రెస్‌కి ఇంటికి వచ్చి ఇక రాలేనని చెప్పి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమెకి ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఆ రెండేళ్లూ ఆ పిల్లలతో గడపాలనే ఈ ఆరేళ్లూ మందులు మింగింది. అది నా కళ్లముందే జారిపోతుంటే తలుపు కొట్టే ధైర్యం కూడా లేకపోయింది నాకు.

మార్చి 15, మంగళవారం

అక్క రెండు ముద్దలు తిని లేచిపోయింది.

మార్చి 16, బుధవారం

పొద్దున్నే నన్ను నిద్రలేపింది.

"బాల్కనీలోకి వెళ్లి గాజు తలుపు మూసి, ఏదైనా మాట్లాడు."

"పళ్లన్నా తోముకోనివ్వవా?"

"తోముకోకపోతేనేం, గాజవతల ఉంటావుగా. వెళ్లు."

వెళ్లాను. ఏం మాట్లాడాలో తోచక మార్కెట్‌లో పళ్లావిడ కథంతా చెప్పాను. లోపల కుర్చీలో కూర్చుని పొల్లుపోకుండా తిరిగి చెప్పేసింది. బుట్ట దగ్గర నా నోరు పడిపోయిందని కూడా పట్టేసింది.

"ఆసుపత్రిలో నిన్ను గాజులోంచే కదరా చదివాను. నిన్నంతా అదే ఆలోచిస్తున్నాను. గాజు ఆపేది చప్పుడుని. మా పిల్లలకి చప్పుడుతో పనేముంది?"

బుర్ర తిరిగిపోయింది. ఆసుపత్రి, ల్యాబ్, నేను, అందరం కలిసి ఆమె ఒంట్లో ఏముందో కొలుస్తూ కూర్చున్నాం. ఈవిడేమో కొలత సంగతి వదిలేసి కిటికీ వెతుక్కుంది.

మధ్యాహ్నం నేను ఆఫీసు కొలత టేపు తెచ్చాను. నాలుగు మీటర్ల దాకా పెదాల కదలిక బాగా అందుతోంది. ఎండ గాజు మీద పడితే మాత్రం ఆమె మొహానికి బదులు నా మొహమే కనిపిస్తోంది.

మార్చి 18, శుక్రవారం

రెండు రోజులుగా బడిలోనే ఉన్నాను. ఒకటో తరగతిని ఉత్తరం వైపు గదికి మార్చారు. అటు వరండా బయటికే తెరిచి ఉంటుంది, కిటికీ మీద ఎండ పడదు. గాజు నేనే తుడిచాను, నాలుగుసార్లు. వరండాలో అక్క నిలబడే చోట వెనక ముదురు రంగు దుప్పటి కట్టాం, గాజులో ఇంకేమీ కనపడకుండా.

హెడ్మిస్ట్రెస్‌కి మొదట నచ్చలేదు.

"చూసేవాళ్లు ఏమనుకుంటారు టీచర్? మీరు బయట, పిల్లలు లోపల."

"చూసేవాళ్ల కోసం కాదుగా మేడమ్ నేను చెప్పేది."

గొంతు మీద చెయ్యి పెట్టించి అదురు తెలిసేలా నేర్పాలి కదా, అది గాజులోంచి ఎలా అని అడిగిందావిడ. దానికీ ఆలోచన ఉంది అక్క దగ్గర. లోపల సహాయ టీచరు ఉంటుంది, పిల్లల చేతులు తన గొంతుకి ఆనించుకుంటుంది. పెదాలు అక్కవి, గొంతు ఆవిడది. ఇద్దరూ కలిపి ఒక టీచరు. హెడ్మిస్ట్రెస్ వెళ్లి కుర్చీ ఒకటి పంపింది, అలిసిపోతే కూర్చోడానికి.

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "మీ అక్కగారిని ఒకసారి నా దగ్గరికి పంపండి, మా వాళ్లకి క్లాసు చెప్పాలి" అంది.

మార్చి 21, సోమవారం

ఈరోజు మొదటి క్లాసు. నన్ను లోపల వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు, కిటికీ ఎటువైపు మసకేసినా తుడవడానికి. నేను మాస్కు వేసుకున్నాను.

తొమ్మిదింటికి అక్క వరండాలోకి వచ్చింది. రెండేళ్ల తరవాత బడిలో ఆమె మొహం పూర్తిగా చూడడం. దుప్పటి ముందు నిలబడి, మాస్కు తీసి, మడిచి జేబులో పెట్టుకుంది. పిల్లలకి ఆమె ఎవరో తెలియదు, ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఒక నిమిషం పాటు బిత్తరపోయి చూశారు. తరవాత ముందు వరుసలోని పిల్ల లేచి వెళ్లి గాజుకి ముక్కు ఆనించింది. ఆ వెంటనే మిగతా పదిమందీ. సహాయ టీచరు వాళ్లని ఒక్కొక్కరినే వెనక్కి లాక్కొచ్చి కూర్చోబెట్టేసరికి గాజు నిండా ముక్కు ముద్రలు. నా ఉద్యోగం మొదలైంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి, కనుబొమ్మలు లేస్తున్నాయి, చేతిలో బాతు బొమ్మ ఊగుతోంది. పిల్లలు నవ్వుతున్నారు. చేతులు సహాయ టీచరు గొంతు మీద పెట్టి, బయట అక్క పెదాలు చూస్తూ, పెద్ద పెద్ద గొంతులతో ఏవో పలుకుతున్నారు. ఆ గదిలో పాఠం అర్థం కానివాణ్ణి నేనొక్కణ్ణే.

అర్థం కాకపోయినా నాకు తెలిసింది. యాభై తొమ్మిదేళ్ల మనిషి, ఒంట్లో యాంటీబాడీలు సున్నా అని కాగితం మీద రాయించుకున్న మనిషి, వరండా గాలిలో శాలువా కప్పుకుని నిలబడి ఒక్కో మాటనీ గాజుకి అవతలి వైపుకి అందిస్తోంది. మా అక్క. ఇంత గొప్పదని ఈ యాభై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా ఆమెకి చెప్పలేదు.

చివర్లో ఆమె పిల్లల మీది నుంచి నా వైపు చూసింది. వాళ్లకి ఏదో ఒక కొత్త వాక్యం చెప్పింది, నెమ్మదిగా, రెండుసార్లు. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తరవాత పదకొండు మందీ ఒక్కసారి వెనక్కి తిరిగి, నన్ను చూసి, పదకొండు రకాల గొంతులతో గట్టిగా చెప్పారు.

"తమ్ముడు ఏడుస్తున్నాడు."

ఏడవడం లేదన్నాను. మాస్కులోంచి అన్నాను గనక ఆ మాట ఎవరికీ చేరలేదు.